స్పీకర్ వై-ఫైకి కనెక్ట్ కాకపోతే తప్పు మీది కాదు!

మొన్న సంక్రాంతికి తణుకు వెళ్లాను. మొదటి రోజు పొద్దున్న లేవగానే ఇంట్లో ఏదో తేడాగా అనిపించింది. కాసేపటికి అర్థమైంది. ఆరింటికల్లా వినిపించాల్సిన అన్నమయ్య కీర్తనలు లేవు. ఇల్లంతా నిశ్శబ్దం.

మా నానమ్మకి గ్లాకోమా వల్ల చూపు దాదాపు పోయింది. టీవీ ఉన్నా లేనట్టే, పేపరూ అంతే. అందుకే రెండేళ్ల క్రితం నా మొదటి బోనస్ రాగానే ఒక చిన్న వై-ఫై స్పీకర్ కొనిచ్చాను. దాన్ని ఎలా పిలవాలో నేర్చుకోవడానికి నానమ్మకి రెండు రోజులు కూడా పట్టలేదు. పొద్దున్న కీర్తనలు, మధ్యాహ్నం ఘంటసాల, సాయంత్రం వార్తలు. మధ్యలో టైమ్ ఎంతయిందో కూడా దాన్నే అడిగేది. ఎవరినీ పిలవకుండా, ఎవరి మీదా ఆధారపడకుండా తనంతట తాను చేసుకోగలిగే పనుల్లో అదొకటి.

"స్పీకర్ ఏది నాన్నా?" అని అడిగాను.

"పాడైపోయింది తల్లీ, అటక మీద పెట్టేశాను" అన్నారు.

నానమ్మ మంచం మీద నుంచే మెల్లగా అంది, "నేనే ఏదో నొక్కేసుంటానే అమ్మడూ. కనపడదు కదా."

అది పాడవలేదు. నానమ్మ ఏదీ నొక్కలేదు. క్రిస్మస్ తర్వాత కేబుల్ అబ్బాయి వచ్చి కొత్త ఫైబర్ ప్లాన్‌కి కొత్త రూటర్ పెట్టి వెళ్లాడు. అంతే. ఆ తర్వాత ఇరవై రోజులు ఒక పెద్దావిడ తన తప్పేదో ఉందనుకుంటూ మౌనంగా కూర్చుంది. నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నా. వై-ఫై స్పీకర్ కనెక్ట్ కాకపోవడం చాలాసార్లు వాడే వాళ్ల చేతకానితనం కాదు. ఎందుకు కనెక్ట్ కాలేదో చెప్పకుండా దాచే డిజైన్‌ది ఆ తప్పు. ఆ డిజైన్‌కి మనం, అంటే ఇంజినీర్లు, రివ్యూవర్లు, కొనేవాళ్లు, అందరం అలవాటు పడిపోయాం.

అసలు సెటప్‌లో ఏం జరుగుతుంది?

ఫోన్‌కి వై-ఫై కనెక్ట్ చేయాలంటే లిస్టులో పేరు చూసి, పాస్‌వర్డ్ కొడతాం. స్పీకర్‌కి స్క్రీన్ లేదు, కీబోర్డ్ లేదు. కాబట్టి దానికి మన ఇంటి వై-ఫై పేరు, పాస్‌వర్డ్ ఎవరో ఒకరు అందించాలి. దీనికి రెండు మార్గాలు ఎక్కువగా వాడతారు. ఒకటి, స్పీకర్ తనే కాసేపు ఒక చిన్న హాట్‌స్పాట్‌లా మారుతుంది. మన ఫోన్ దానికి కనెక్ట్ అయి వివరాలు ఇచ్చేస్తుంది. రెండోది, అదే పని బ్లూటూత్ ద్వారా చేస్తారు. ఆ తర్వాత స్పీకర్ హాట్‌స్పాట్ ఆపేసి, తనకి అందిన పేరుతో రూటర్‌ని వెతుక్కుని, లాగిన్ అయి, ఐపీ అడ్రస్ తీసుకుని, ఇంటర్నెట్‌లో కంపెనీ సర్వర్‌ని పలకరిస్తుంది.

అంటే మనకి "కనెక్ట్ అవుతోంది.." అని తిరిగే ఒక్క చక్రం వెనక కనీసం అయిదారు వేర్వేరు పనులున్నాయి. ఏది ఫెయిలైనా యాప్ చెప్పే మాట ఒక్కటే: "ఏదో తప్పు జరిగింది. మళ్లీ ప్రయత్నించండి."

నాన్న ఎక్కడెక్కడ ఆగిపోయారు

మా నాన్న ఎరువుల కొట్టు నడుపుతారు. యూపీఐ, జీఎస్‌టీ అన్నీ ఫోన్లోనే చూసుకుంటారు. టెక్నాలజీ తెలియని మనిషి కాదు. ఆయన ఏం చేశారో అడిగి ఒక్కొక్కటీ రాసుకున్నాను.

మొదట యాప్‌లో చూస్తే స్పీకర్ "ఆఫ్‌లైన్" అని ఉంది. పాత రూటర్ పేరు ఇప్పుడు లేదు కాబట్టి అది సహజం. కానీ యాప్ ఆ ముక్క చెప్పలేదు. "రీసెట్ చేయండి" అంది. ఆయన రీసెట్ చేశారు. దాంతో స్పీకర్ గుర్తుపెట్టుకున్నదంతా పోయింది.

తర్వాత యాప్ లొకేషన్ పర్మిషన్ అడిగింది. ఆయన "వద్దు" కొట్టారు. నేనే కదా ఆయనకి చెప్పింది, తెలియని పర్మిషన్లు ఇవ్వొద్దు, సైబర్ మోసాలు ఎక్కువయ్యాయి అని! స్పీకర్‌కి మా ఇల్లు ఎక్కడుందో ఎందుకు? న్యాయమైన ప్రశ్నే. ఆండ్రాయిడ్‌లో చుట్టుపక్కల వై-ఫై పేర్లు స్కాన్ చేయాలంటే లొకేషన్ అనుమతి కావాలి, చాలా వెర్షన్లలో లొకేషన్ స్విచ్ కూడా ఆన్‌లో ఉండాలి. చుట్టూ ఉన్న వై-ఫై పేర్లను బట్టి మనం ఎక్కడున్నామో కనిపెట్టొచ్చు కాబట్టి గూగుల్ అలా పెట్టింది. ఆండ్రాయిడ్ 13లో దీనికి "దగ్గర్లోని పరికరాలు" అని వేరే పర్మిషన్ కూడా తెచ్చారు. కారణం సబబైనదే. కానీ ఆ కారణాన్ని యాప్ ఒక్క లైన్‌లో చెప్పి ఉంటే నాన్న "సరే" కొట్టేవారు.

మూడు రోజుల తర్వాత పక్కింటి కుర్రాడు వచ్చి ఆ పర్మిషన్ ఇప్పించాడు. ఈసారి స్పీకర్ కనిపించింది. పాస్‌వర్డ్ కొట్టారు. "కనెక్ట్ కాలేదు, పాస్‌వర్డ్ సరిచూసుకోండి" అంది. మళ్లీ కొట్టారు. మళ్లీ అదే. పదకొండు సార్లు కొట్టానన్నారు నాన్న. నాన్న కొట్టిన పాస్‌వర్డ్ కరెక్టే. కొత్త రూటర్‌లో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 మాత్రమే అని పెట్టి ఉంది. మా స్పీకర్‌కి డబ్ల్యూపీఏ2 వరకే వచ్చు. నేను రూటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని "డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3" మిక్స్‌డ్ మోడ్‌కి మార్చాను. రెండు నిమిషాల్లో స్పీకర్ పలికింది.

ఇక్కడొక నిజం చెప్పాలి. బీటెక్ చదివి, రోజూ కోడ్ రాసే నాకే ఆ రెండు నిమిషాల దగ్గరికి చేరడానికి నలభై నిమిషాలు పట్టింది. నాన్న ఎలా చేరతారు?

మీ ఇంట్లో ఇదే జరిగితే

కోపం పక్కన పెట్టి ముందు పని చూద్దాం. నేను సూచించే వరుస ఇది. కంపెనీల సపోర్ట్ పేజీల్లో మొదట కనిపించే "రీసెట్" నా లిస్టులో చివర ఉంటుంది.

ఒకటి, రూటర్ మారిందా? అయితే కొత్త రూటర్‌లో వై-ఫై పేరు, పాస్‌వర్డ్ పాతవే పెట్టేయండి. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, మధ్యలో ఖాళీతో సహా అచ్చంగా అవే. సెక్యూరిటీ మోడ్ కూడా సరిపోతే స్పీకర్, స్మార్ట్ బల్బు, సీసీ కెమెరా అన్నీ వాటంతట అవే కనెక్ట్ అయిపోతాయి. యాప్ ఓపెన్ చేసే పనే ఉండదు. నాన్న రీసెట్ కొట్టకముందు నాకు ఫోన్ చేసి ఉంటే నేను మొదట ఇదే చేయించేదాన్ని.

రెండు, లోపం ఎటు వైపుందో తేల్చండి. ఇంట్లో రెండు ఫోన్లుంటాయి కదా. ఒకదాంట్లో హాట్‌స్పాట్ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఆన్ చేసి, రెండో ఫోన్‌తో స్పీకర్‌ని దానికి సెటప్ చేసి చూడండి. ఐఫోన్ అయితే హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో "మాగ్జిమైజ్ కంపాటబిలిటీ" ఆన్ చేస్తే 2.4కి వస్తుంది. కనెక్ట్ అయిందా, స్పీకర్ బాగానే ఉంది, రూటర్ సెట్టింగ్ చూడాలి. కాలేదా, స్పీకర్‌నో యాప్‌నో అనుమానించాలి. ఈ ఒక్క పరీక్షతో సగం తలనొప్పి తగ్గుతుంది.

మూడు, ఫోన్ వైపు అడ్డంకులు. సెటప్ అయ్యేదాకా మొబైల్ డేటా ఆపండి. స్పీకర్ హాట్‌స్పాట్‌లో ఇంటర్నెట్ ఉండదు. ఫోన్ "ఇందులో నెట్ లేదు" అనుకుని మధ్యలోనే మొబైల్ డేటాకి దూకేస్తుంది, సెటప్ తెగిపోతుంది. వీపీఎన్ ఉంటే ఆపండి. లొకేషన్ ఆన్ చేయండి, పనయ్యాక పర్మిషన్ తీసేసుకోవచ్చు. ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి "లోకల్ నెట్‌వర్క్" పర్మిషన్ ఉంది. అది ఆఫ్‌లో ఉంటే యాప్‌కి స్పీకర్ కనపడకపోవచ్చు.

నాలుగు, రూటర్ వైపు. తక్కువ ధర స్పీకర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు. కొత్త రూటర్లు 2.4, 5 రెండిటికీ ఒకే పేరు పెట్టి, ఎవరిని ఎటు పంపాలో తామే నిర్ణయిస్తాయి. కొన్ని స్పీకర్లు అక్కడ తికమకపడతాయి. సెటప్ వరకు రెండు బ్యాండ్లకి వేర్వేరు పేర్లు పెట్టండి, లేదా 5ని కాసేపు ఆపండి. 2.4 అంటే తక్కువ రకం అనుకోకండి. పాటకి 320 కిలోబిట్స్ చాలు, పైగా గోడలు దాటడంలో 2.4 మెరుగు. సెటప్ అయ్యాక ఫోన్ 5లో, స్పీకర్ 2.4లో ఉన్నా మామూలుగా ఇబ్బంది ఉండదు, నెట్‌వర్క్ ఒక్కటే కాబట్టి. అలా లేనప్పుడు "ఏపీ ఐసొలేషన్" ఆన్‌లో ఉందేమో, గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్నారేమో చూడండి. ఆ రెండూ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండా ఆపుతాయి. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉంటే మిక్స్‌డ్‌కి మార్చండి. రూటర్ లాగిన్ మీ చేతిలో లేకపోతే ఆపరేటర్‌కి ఫోన్ చేసి సరిగ్గా ఈ మాటే అడగండి.

అమెరికా నుంచి బావో అన్నయ్యో తెచ్చిన స్పీకర్ అయితే ఇంకోటి చూడాలి. మన దగ్గర 2.4లో 13 ఛానెళ్ల దాకా వాడతాం. అక్కడి పరికరాలు చాలావరకు 11 దాకానే చూస్తాయి. రూటర్ "ఆటో"లో 12కో 13కో వెళ్లిపోతే, ఆ స్పీకర్ దృష్టిలో మీ ఇంట్లో వై-ఫై లేనట్టే. ఛానెల్ 1, 6, 11లో ఒకటి ఫిక్స్ చేయండి.

హాస్టల్‌లో, పీజీలో ఉండేవాళ్లకి ఒక మాట. బ్రౌజర్‌లో పేజీ తెరుచుకుని ఫోన్ నంబర్, ఓటీపీ అడిగే వై-ఫైకి స్పీకర్ మామూలు పద్ధతిలో కనెక్ట్ కాదు. ఆ పేజీ చూపించడానికి దానికి స్క్రీన్ ఎక్కడిది? అక్కడ బ్లూటూత్ స్పీకర్ కొనుక్కోవడమే తెలివైన పని.

ఇవన్నీ అయ్యాకే రీసెట్.

రీసెట్‌ని ఎందుకింత వెనక్కి నెట్టానంటే దానికి ఒక ఉదాహరణ ఉంది. 2025 మార్చిలో రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు, క్రోమ్‌కాస్ట్ ఆడియోలు ప్రపంచమంతటా ఒకేసారి పనిచేయడం మానేశాయి. కారణం గడువు తీరిపోయిన ఒక డిజిటల్ సర్టిఫికెట్. ఇళ్లలో రూటర్లు బాగానే ఉన్నాయి, పాస్‌వర్డ్‌లూ బాగానే ఉన్నాయి. ఫ్యాక్టరీ రీసెట్ చేయొద్దని గూగుల్ చెప్పాల్సి వచ్చింది. అప్పటికే చేసేసినవాళ్లకి మామూలు స్థితికి రావడం ఇంకా కష్టమైంది. తప్పు కంపెనీ వైపు ఉన్నప్పుడు కూడా మొదట మనల్ని మనమే అనుమానించుకుంటాం. మా నానమ్మ చేసింది అదే.

చిప్‌కి తెలుసు, మనకే చెప్పరు

కాలేజీలో ఈఎస్‌పీ32 బోర్డుతో ప్రాజెక్ట్ చేసినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. వై-ఫై తెగినప్పుడు సీరియల్ మానిటర్‌లో ఒక నంబర్ వస్తుంది, గుర్తుందా? 201 అంటే ఆ పేరుతో నెట్‌వర్కే దొరకలేదు. 15 అంటే హ్యాండ్‌షేక్ మధ్యలో ఆగిపోయింది, చాలాసార్లు పాస్‌వర్డ్ తప్పు. 202 అంటే ఆథెంటికేషన్ ఫెయిల్. కొన్ని వందల రూపాయల బోర్డు చెప్పగలిగిన విషయం వేల రూపాయల స్పీకర్ చెప్పలేదా? వై-ఫై ప్రమాణంలోనే ఇలాంటి కారణాల కోడ్‌లు ఉన్నాయి. ఎందుకు ఫెయిలైందో స్పీకర్ లోపల చాలావరకు తెలుస్తుంది. ఆ సమాచారం యాప్ దాకా వచ్చేసరికి అన్నీ కలిసి "ఏదో తప్పు జరిగింది" అయిపోతుంది.

ఇలా ఎందుకు అవుతుందో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ చేశాను. ఆఫీసులో ఒక ఫీచర్ రిలీజ్‌కి రెండు రోజులుంది. ఎర్రర్లు పద్నాలుగు రకాలు. ఒక్కోదానికి మెసేజ్ రాసి, అనువాదం చేయించి, టెస్ట్ చేసే టైమ్ లేదు. అన్నిటికీ ఒకటే మెసేజ్ పెట్టేశాను. టికెట్ క్లోజ్. ఆ రోజు అది నాకు చిన్న విషయం. అటక మీద దుమ్ము పట్టిన స్పీకర్ చూశాక చిన్న విషయం అనిపించడం లేదు. మన పద్నాలుగు ఎర్రర్లు ఒక మెసేజ్ అయినప్పుడు, మనకి మిగిలిన రెండు రోజులు ఎవరి ఇంట్లోనో ఇరవై రోజులవుతాయి.

"ప్రతి ఇల్లూ వేరు కదా" అనేవాళ్లకి

మా టీమ్‌లో దీని గురించి మాట్లాడితే ఒక సీనియర్ అన్నారు: "రూటర్లు వందల రకాలు, ఆపరేటర్ ఏ సెట్టింగ్ పెడతాడో తెలీదు. అన్నిటికీ స్పీకర్ కంపెనీ బాధ్యత అంటే ఎలా?" ఇందులో నిజముంది. మా ఇంట్లో కూడా అసలు మార్పు చేసింది రూటర్. సెక్యూరిటీ పాతదైన స్పీకర్ కోసం రూటర్‌ని ఒక మెట్టు దించాల్సి రావడం నాకూ నచ్చలేదు.

కానీ నేను అడిగేది అన్ని రూటర్లతో పనిచేయమని కాదు. పనిచేయనప్పుడు ఎందుకో చెప్పమని. "మీ రూటర్ డబ్ల్యూపీఏ3లో ఉంది, నాకు డబ్ల్యూపీఏ2 వరకే వచ్చు" అని తెలుగులో ఒక వాక్యం వస్తే నాన్న దాన్ని స్క్రీన్‌షాట్ తీసి కేబుల్ అబ్బాయికి వాట్సాప్ చేసేవారు. సమస్య అక్కడితో అయిపోయేది.

పైగా సులువైన దారి లేక కాదు. పాస్‌వర్డ్ కొట్టే పని లేకుండా, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు పరికరం నెట్‌వర్క్‌లో చేరిపోయే "వై-ఫై ఈజీ కనెక్ట్" పద్ధతిని వై-ఫై అలయన్స్ 2018లోనే ప్రకటించింది. ఆండ్రాయిడ్ 10 నుంచి దానికి సపోర్ట్ ఉంది. అయినా చాలా కంపెనీలకి మనం వాళ్ల యాప్ వేసుకుని, అకౌంట్ తెరవడమే కావాలి. ఆ యాప్ చెడితే ఏమవుతుందో సోనోస్‌ని చూస్తే తెలుస్తుంది. 2024 మేలో కొత్త యాప్ తెచ్చారు. పాత ఫీచర్లు మాయమయ్యాయి, ఖరీదైన స్పీకర్లు కొన్నవాళ్లు గగ్గోలు పెట్టారు. సీఈఓ ప్యాట్రిక్ స్పెన్స్ క్షమాపణ చెప్పారు, 2025 జనవరిలో పదవి నుంచి తప్పుకున్నారు. స్పీకర్లలో ఏ లోపమూ లేదు. సమస్యంతా యాప్‌దే.

రివ్యూలు కూడా మారాలి

గ్యాడ్జెట్ సైట్లలో స్పీకర్ రివ్యూ అంటే బాస్ ఎలా ఉంది, డిజైన్ ఎలా ఉంది, ధరకి తగ్గట్టు ఉందా అని రాస్తారు. సెటప్ గురించి "సులభంగా అయిపోయింది" అని ఒక్క ముక్క. అవుతుంది మరి! రివ్యూ చేసేవాళ్ల ఇంట్లో రూటర్ వాళ్లకి తెలిసినట్టు ఉంటుంది.

నా కోరికలు మూడే. ఒకటి, రివ్యూలో రూటర్ పేరు మార్చి మళ్లీ కనెక్ట్ చేసి చూడండి. ఎన్ని నిమిషాలు పట్టిందో, ఎర్రర్ ఏమని వచ్చిందో రాయండి. రెండు, బాక్స్ మీద "వై-ఫై ఉంది" అంటే సరిపోదు. ఏ బ్యాండ్, ఏ సెక్యూరిటీ, ఏ సంవత్సరం దాకా అప్‌డేట్స్ అన్నవి పెద్ద అక్షరాల్లో ఉండాలి. లేకపోతే మార్కులు తగ్గించండి. మూడు, నెట్ లేనప్పుడు కనీసం బ్లూటూత్‌తోనో ఆక్స్ వైర్‌తోనో అది స్పీకర్‌లా పనిచేస్తుందా లేదా చెప్పండి. స్పీకర్ పనే చేయకపోతే అది స్పీకర్ ఎలా అవుతుంది?

కొనేముందు మీరు కూడా ఈ మూడూ అడగండి. ముఖ్యంగా ఊళ్లో అమ్మానాన్నలకి కొంటుంటే. ఇచ్చాక, వాళ్ల రూటర్ పేరు, పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి రూటర్‌కే అంటించండి. కింద ఒక లైన్ చేర్చండి: "కొత్త బాక్స్ పెడితే ఇదే పేరు, ఇదే పాస్‌వర్డ్ పెట్టాలి." నేను తిరిగొచ్చేముందు మా ఇంట్లో చేసింది అదే.

స్పీకర్ పలికిన రోజు సాయంత్రం నానమ్మ దాన్ని మొదట అడిగింది టైమ్ ఎంతని. అది చెప్పింది. నానమ్మ నా వైపు తిరిగి, "అయితే నేను పాడు చెయ్యలేదన్నమాట" అంది.

"లేదు నానమ్మా, నువ్వేం చెయ్యలేదు" అన్నాను.

ఆ మాట చెప్పాల్సింది నేను కాదు. ఆ యాప్. మొదటి రోజే.